లెక్కలో లేని బండ్లు

మూడు చక్రాల స్కూటర్‌కు గొలుసు కట్టి లారీ మీదికి ఎక్కిస్తుంటే, దాని యజమానురాలు చేతిలో చీపురుతో మెట్ల మీద నిలబడి చూస్తూ ఉంది. పరుగెత్తుకొచ్చి అడ్డం పడొచ్చు కదా అనుకుంటారేమో. పరుగెత్తే కాళ్ళే ఉంటే ఆమెకు మూడో చక్రంతో పనేముంది?

అయిదున్నరకల్లా వచ్చి వేలిముద్ర వేసి, యూనివర్సిటీ సైన్సు విభాగంలో మూడంతస్తులూ ఊడ్చి తుడిచి, తొమ్మిదిన్నరకు ఇంటికి పోదామని బయటికొస్తే, బండి గాల్లో వేలాడుతోంది. పక్కనే గోడకు కొత్త నోటీసు అంటించి ఉంది. ఈ వెనక మైదానంలో కొత్త భవనం కడతారట. ఇక మీదట ఇక్కడ ఎవరూ బండి పెట్టకూడదట. పర్మిట్ ఉన్నవాళ్ళు ముందు గేటు దగ్గరి పార్కింగులో పెట్టుకోవాలి. లేనివాళ్ళు రెండు కిలోమీటర్ల అవతల, పెద్ద రోడ్డు పక్కన తడికలు కట్టిన స్థలంలో పెట్టుకుని బస్సులో రావాలి. బస్సు ఎనిమిదింటికి మొదలవుతుంది. ఊడ్చేవాళ్ళ పని అయిదున్నరకు మొదలవుతుంది. నోటీసు రాసిన పెద్దమనిషి జీవితంలో ఎప్పుడూ అయిదున్నరకు లేచి ఉండడు.

ఆ లారీకి ఈల వేసి దారి చూపించింది పరాయి మనిషి కాదు. స్కూటర్ యజమానురాలి సొంత తమ్ముడి భార్య. ఆ మైదానంలో బండ్లు సర్దే కాపలా మనిషి. పదకొండేళ్ళుగా మెడలో ఈల వేలాడుతూ ఉండడంతో అసలు పేరు అరిగిపోయి ఈలమ్మ అయింది. "దారి చూపించు, లేకపోతే రేపట్నుంచి నువ్వు కూడా రావద్దు" అన్నాడు సూపర్‌వైజర్. ఈలమ్మ ఊదింది. ఊదుతుంటే ఈలలోకి గాలి కాక నిప్పులు పోతున్నట్టు అనిపించింది. మెట్ల మీద ఉన్న ఆడపడుచు వైపు, తను వదినా అని పిలిచే మనిషి వైపు తల తిప్పలేకపోయింది.

ఆ మైదానం సంగతి ఈలమ్మను అడగాలి. అక్కడ ఎవరూ హ్యాండిల్‌కు తాళం వెయ్యరు, బండి గేరులో వదలరు. దిగి వెళ్ళిపోతే చాలు, ఈలమ్మ నడుముతో నెట్టి బండికీ బండికీ మధ్య జానెడు సందు వదిలి వరస పేరుస్తుంది. మూడొందలు పట్టే చోట నాలుగొందలు పట్టిస్తుంది. ఒక పొడుగు ఈల వేస్తే లోపలికి రండి అని. మూడు పొట్టి ఈలలు వేస్తే ఉన్నపళాన బండ్లు తీసి నీళ్ళ ట్యాంకు గోడ వెనక దాచెయ్యండి అని. పెద్దవాళ్ళెవరైనా చూడ్డానికి వస్తున్నారంటే మూడు ఈలలు. వంటవాళ్ళు గరిటెలు వదిలి, తోటమాలులు పార వదిలి, ఎలక్ట్రీషియన్లు నిచ్చెన దిగి పరుగెత్తుకొచ్చి బండ్లు తోసుకుపోతారు. పది నిమిషాల్లో మైదానం అద్దంలా తయారవుతుంది. పెద్దవాళ్ళు వచ్చి, ముక్కు చిట్లించి, వెళ్ళిపోతారు. అలా చెయ్యడం తప్పని ఎవరికీ తోచలేదు. అలవాటైన సంకెల గొలుసులా కనబడదు.

మర్నాడు వదిన, జరిమానా కట్టి విడిపించుకున్న స్కూటర్‌ను తడికల స్థలంలో పెట్టి, అక్కడి నుంచి నడిచింది. నడక అంటే మనం నడిచే నడక కాదు, ఒక కాలు వేసి రెండో కాలిని చేత్తో లాక్కోవడం. నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆ తర్వాతి రోజు ఇంకా ముందు బయల్దేరినా పావుగంట ఆలస్యమే. వేలిముద్ర మిషను రెండుసార్లూ ఎర్రలైటు చూపించింది. మూడోసారి ఎర్రలైటు వెలిగితే పేరు తీసేస్తారు. కాంట్రాక్టు మనిషికి ఉన్న ఒకే ఒక్క చట్టం అది.

ఆ సాయంత్రం ఈలమ్మ వేడినీళ్ళ గిన్నె తెచ్చి వదిన కాళ్ళ దగ్గర కూర్చుంది. మడమ పచ్చిపుండై ఉంది.

"నువ్వు ఊదకపోతే ఇంకొకడు ఊదేవాడులే," అంది వదిన.

"ఊదనీ. వాడు ఊదితే నాకీ కడుపుమంట ఉండేది కాదు."

శుక్రవారం పదిమంది కలిసి రిజిస్ట్రార్ గదికి వెళ్ళారు. మెస్‌లో వంట మేస్త్రి ముందు నడిచాడు. మనిషి మోటు, మాట సూటి. పర్మిట్ ఇప్పించమని అడిగాడు. ఫారంలో ఉద్యోగి నంబరు రాయాలన్నాడు రిజిస్ట్రార్. కాంట్రాక్టు వాళ్ళకు నంబర్లు ఎక్కడివి? అయితే మైదానంలోనే ఒక పక్క చోటు వదలమన్నాడు మేస్త్రి. రిజిస్ట్రార్ ఓపిగ్గా ఒక లావుపాటి నివేదిక తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

"నాలుగు రోజులపాటు నిపుణులు వచ్చి లెక్కపెట్టారయ్యా. ఎవరికెంత పార్కింగ్ కావాలో ఇందులో ఉంది. అధ్యాపకులు ఇన్ని, విద్యార్థులు ఇన్ని. సేవా సిబ్బంది బండ్లు, ఇదిగో, సున్నా. అవసరమే లేనివాళ్ళకి చోటెక్కడ చూపించమంటారు?"

"సున్నా ఏంటి సార్? నాలుగొందల బండ్లు ఉంటేనూ."

"తేదీలు చూసుకోండి. ఒక్కటి కూడా కనబడలేదు."

ఈలమ్మ తేదీలు చూసింది. ఆ రోజులు ఆమెకు గుర్తే. నెలన్నర కిందట వరసగా నాలుగు రోజులు, పొద్దున పదింటికి, సూపర్‌వైజర్ వచ్చి "పైనుంచి మనుషులొస్తున్నారు, మైదానం ఖాళీ చేయించు" అన్నాడు. నాలుగు రోజులూ ఆమె మూడేసి ఈలలు ఊదింది. నాలుగొందల బండ్లు గోడ వెనక దాక్కున్నాయి. తమకు అన్నం పెట్టే చోటును తామే చీపురు పెట్టి ఊడ్చి ఇచ్చారు.

శనివారం మధ్యాహ్నం, వడ్డనలు అయిపోయాక, మెస్ వెనక గిన్నెలు తోమే షెడ్డులో సమావేశం జరిగింది. తడినేల మీద తిరగేసిన బిందెల మీద నూట యాభైమంది కూర్చున్నారు. ఈలమ్మ లేచి, దాచకుండా అంతా చెప్పేసింది. చెప్పి, తల దించుకుంది.

షెడ్డు గోలైపోయింది. "వాడి మాట విని మన కొంపలు ముంచావు కదమ్మా," అన్నాడు వంట మేస్త్రి. "కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?" అన్నాడు ముసలి తోటమాలి. ఒకావిడ అయితే ఆ ఈల తెంపి కాలవలో పారెయ్యమంది.

అప్పుడు వదిన గోడ పట్టుకుని లేచింది. ఆమె లేవడానికి పట్టే సేపట్లోనే గోల సద్దుమణిగింది.

"మా తమ్ముడి పెళ్ళాం ఊదింది, నిజమే. మరి బండ్లు తోసిందెవరు? ఆవిడొక్కత్తే నాలుగొందల బండ్లు తోసిందా? నేనూ తోసుకుపోయాను. మేస్త్రీ, నువ్వూ పోయావు. ఎందుకు దాచాలి అని ఒక్కరం అడిగామా? ఇది తిలాపాపం తలా పిడికెడు. పదకొండేళ్ళ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారంటే చాలు, దొంగసొత్తులా దాచేస్తున్నాం. మనం కష్టపడి కొనుక్కున్న బండి చూపించుకోడానికి మనకెందుకు సిగ్గు?"

మేస్త్రి తన చేతుల వైపు చూసుకున్నాడు.

గుమ్మం దగ్గర ఓ పరిశోధక విద్యార్థిని నిలబడి ఉంది, వెనక నలుగురైదుగురు విద్యార్థులు. ఆమె లోపలికి అడుగు పెట్టింది. "ఆ లెక్క రాసింది నేనే. సర్వేలో మాకు పని ఇచ్చారు. మైదానం ఖాళీగా ఉంది, కానీ నేలంతా వరసలు వరసలుగా నూనె మరకలు. ఇక్కడ రోజూ బండ్లు పెడతారా అని అడిగాను. పాత మరకలన్నాడు మీ సూపర్‌వైజర్. వంగి వేలితో తాకాను. తడిగా ఉంది. అయినా సున్నా అనే రాశాను. ఫారంలో మరకలు రాయడానికి గడి లేదు."

"చదువుకున్నావు కదమ్మా, మార్జిన్‌లో రాయాల్సింది," అన్నాడు మేస్త్రి.

విద్యార్థి సంఘం నాయకుడు ముందుకొచ్చి, తొందరపడొద్దు, వినతిపత్రం ఇద్దాం, కమిటీ వేయిద్దాం అన్నాడు. పరిశోధక విద్యార్థిని అతని వైపు తిరిగింది. "నీకు పర్మిట్ వచ్చిందా?"

"వచ్చింది. మన సంఘానికి రెండొందలిచ్చారు. పోరాడి సాధించాం."

"పోరాడి కాదు. వీళ్ళ పేరు పక్కన సున్నా పెట్టి మిగిల్చిన చోటు అది. మనం నోరు మూసుకోడానికి ఇచ్చారు."

నాయకుడు విసురుగా వెళ్ళిపోయాడు. వెంట వచ్చినవాళ్ళలో ఒక్కడే అతనితో పోయాడు. మిగతావాళ్ళు బిందెలు తిరగేసుకుని కూర్చున్నారు.

సోమవారం పదింటికి శంకుస్థాపన. శుక్ర, శనివారాలు సెలవు పెట్టిన వదినకు ఆ రోజు ఆలస్యమైతే అదే మూడో ఎర్రలైటు. ఏం చెయ్యాలన్న దాని మీద గంటసేపు వాదించుకున్నారు. పని మానేద్దామన్నారు కొందరు. మానేస్తే ఇంకొకర్ని తెచ్చుకుంటారన్నారు ఇంకొందరు. చివరికి ఈలమ్మే అంది, "మనం దాక్కుంటే సున్నా అయ్యాం. దాక్కోవద్దు. అంతే."

సోమవారం తెల్లవారుజామున మైదానం చుట్టూ రేకులు బిగించి ఉన్నాయి. కానీ కూరగాయల వ్యాను వచ్చే గేటు మెస్ వైపు ఉంటుంది, దాని తాళంచెవి వంట మేస్త్రి నడుముకు ఉంటుంది. అయిదుం పావుకు గేటు తెరుచుకుంది. విడిపించి తెచ్చుకున్న మూడు చక్రాల స్కూటర్ అందరికంటే ముందు లోపలికి వచ్చింది. వదిన దిగి, వెళ్ళి వేలిముద్ర వేసింది. పచ్చలైటు వెలిగింది. వెనకే ఒకరి తర్వాత ఒకరు. ఈలమ్మ వరసలు పేర్చింది. పదకొండు వరసలు. ఆ రోజు మాత్రం అందరూ హ్యాండిల్ తాళాలు వేసి, తాళంచెవులు కొంగులకూ నడుములకూ ముడేసుకున్నారు. చివరి వరస చివర ఈలమ్మ తన పాత సైకిల్ నిలబెట్టుకుంది.

పదింటికి కార్లు దిగాయి. రిజిస్ట్రార్, బిల్డింగు కాంట్రాక్టరు, మెరిసే బూట్ల వాళ్ళు మరికొందరు. రేకులు తీసి చూస్తే, ప్రతి బండి పక్కనా ఒక మనిషి సీటు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు. విద్యార్థులు చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు.

సూపర్‌వైజర్ మొహం పాలిపోయింది. "మూడు ఈలలు కొట్టు," అన్నాడు ఈలమ్మతో, పళ్ళ మధ్య నుంచి. "కొట్టవే."

ఈలమ్మ ఈలను గుప్పిట్లో పట్టుకుంది. పెదవుల దాకా తీసుకురాలేదు.

"ఎవరివి ఈ బండ్లు? వెంటనే తీయించండి," అన్నాడు రిజిస్ట్రార్.

"ఏ బండ్లు సార్?" అంది ఈలమ్మ. "మీ పుస్తకంలో సున్నా కదా. లేని బండ్లని ఎలా తీస్తారు?"

మైదానం మైదానమంతా నవ్వింది. ఆ నవ్వు విన్నాక రిజిస్ట్రార్ ఫోన్ చేశాడు.

"ముందు లెక్కపెట్టండి," అంది ఈలమ్మ. ఆమె గొంతు ఇంత పెద్దదని ఆమెకే తెలియదు, పదకొండేళ్ళూ ఈలే ఆమె గొంతు. "మీరు లెక్కపెట్టరా? మేమే పెట్టుకుంటాం."

"ఒకటి," అంది వదిన, స్కూటర్ సీటు మీద అరచేత్తో చరిచి.

"రెండు," అన్నాడు మేస్త్రి.

మూడు, నాలుగు, అయిదు. వరస పట్టుకుని అంకె నడిచింది. పరిశోధక విద్యార్థిని పక్కనే నడుస్తూ ఒక్కొక్కటీ రాసుకుంది. నూట నలభై దగ్గర పోలీసు వ్యాన్లు వచ్చాయి. విద్యార్థుల గొలుసు తెగింది. లాఠీలు లేచాయి. ముసలి తోటమాలి నుదురు చిట్లి రక్తం కళ్ళలోకి కారుతుంటే, "నూట అరవై రెండు" అని తన అంకె తాను చెప్పి మరీ కూలబడ్డాడు. పక్కనున్నావిడ అతన్ని పట్టుకుని నూట అరవై మూడు అంది. లాక్కుపోదామంటే బండ్లు కదలవు, తాళాలు వేసి ఉన్నాయి. మనుషుల్ని లాగితే అంకె ఇంకో నోట్లోకి దూకుతోంది. తిట్లూ కేకలూ దెబ్బలూ, వాటన్నిటి మధ్య ఆగని అంకె.

"ఆ ఈల మనిషిని పట్టుకోండి, అదే వీళ్ళ నాయకురాలు," అని సూపర్‌వైజర్ చూపించాడు. పదకొండేళ్ళలో అతను ఆమెకు ఇచ్చిన ఒకే ఒక్క పదోన్నతి అది. ఇద్దరు పోలీసులు ఈలమ్మ రెక్కలు విరిచి పట్టి, జాలీ వేసిన వ్యానులోకి తోశారు.

జాలీలోంచి ఆమె మైదానం చూస్తూనే ఉంది. పదో వరస అయింది. పదకొండో వరస సగమైంది. నాలుగొందల పది. నాలుగొందల పదకొండు.

అంకె ఆగిపోయింది. వరస చివర ఆమె సైకిల్ ఒంటరిగా ఉంది, పక్కన మనిషి లేదు. రిజిస్ట్రార్ ఊపిరి పీల్చుకోవడం ఈలమ్మ చూసింది.

మొదటి వరస మొదటి బండి దగ్గర్నుంచి వదిన ఎప్పుడు బయల్దేరిందో ఎవరూ గమనించలేదు. ఒక కాలు వేసి, ఇంకో కాలిని చేత్తో లాక్కుంటూ, పదకొండు వరసలూ దాటుకుని వచ్చింది. పోలీసులు కూడా ఎందుకో అడ్డం రాలేదు. వచ్చి, సైకిల్ సీటు మీద చెయ్యి వేసింది.

"నాలుగొందల పన్నెండు," అంది.

వ్యాను కదిలింది. గేటు బయట రోడ్డు మీద, మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళు బండ్ల మీద ఆగి, లోపలి గొడవ చూసి రావాలో వద్దో తెలియక తటపటాయిస్తున్నారు. ఈలమ్మ మెడ తడుముకుంది. ఈల ఇంకా అక్కడే ఉంది. తీసుకోవాలని పోలీసులకు తోచలేదు.

మొహం జాలీకి ఆనించి, ఊపిరంతా కూడదీసుకుని, ఒక్క పొడుగు ఈల ఊదింది.

రోడ్డు మీద మొదటి బండి లోపలికి తిరిగింది. దాని వెనక రెండోది, మూడోది. వ్యాను మలుపు తిరుగుతుంటే, వెనక నుంచి ఎవరిదో కొత్త గొంతు వినబడింది.

"నాలుగొందల పదమూడు."