వెనక చక్రం

తెనాలిలో టైలర్ ఖలీల్‌కి ఒక జబ్బుంది. ఏ వస్తువైనా విప్పి చూడందే నిద్రపట్టదు. కుట్టు మిషన్లు, గోడ గడియారం, మామగారి రేడియో అన్నీ అతని చేతికింద నలిగినవే. పాపం, రేడియో తప్ప మిగతావన్నీ మళ్ళీ పనిచేశాయి కూడా. అందుకే, పాత స్కూటర్ ఇంజన్లోంచి ఆయిలు వెనక బ్రేకులోకి కారుతోందని తెలియగానే ఇంట్లోనే విప్పడానికి సిద్ధపడ్డాడు.

"మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళండి. పిల్లతో ఎక్కే బండి అది," అంది భార్య ఆలియా.

"మిషన్లు విప్పిన చెయ్యి నాది. ఇదో లెక్కా?"

శుక్రవారం పొద్దున్నే వసారాలో గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. ప్లగ్గు గీకాడు, పొగగొట్టంలో మసి దులిపాడు. స్కూటర్‌కి వెనక చక్రం ఇంజను ఇరుసు మీదే ఉంటుంది. ఆ చక్రం ఊడదీస్తే గాని ఆయిల్ సీలు మార్చలేం. అదీ మార్చి, చక్రం మళ్ళీ ఎక్కించి, ఇరుసు మీద పెద్ద నట్టు బిగించాడు. ఇక ఆ నట్టు తిరిగి వదులైపోకుండా అడ్డంగా స్ప్లిట్ పిన్ను గుచ్చాలి. జడపిన్నంత ఉంటుంది, అంతే. చక్రం ఊడకుండా ఆపేది మాత్రం అదే. సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం జుమ్మా నమాజుకి అజాన్ వినిపించింది. ఖలీల్ గబగబా చేతులు కడుక్కుని, తెల్ల జుబ్బా తొడుక్కుని మసీదుకి వెళ్ళాడు.

తిరిగొచ్చి జుబ్బా కొక్కేనికి తగిలించాడు. పలావు తిన్నాడు. నేరుగా నట్టు మీద రేకు మూత కొట్టేశాడు. ఒక్క కిక్కుకే బండి అందుకుంది. ఆ మొహంలో వెలుగు చూడాలి!

"నువ్వు గుడ్డలు కుట్టడం మానెయ్ బావా," అన్నాడు రేపల్లె నుంచి వచ్చిన బావమరిది హిదాయతుల్లా. అక్కనీ మేనకోడల్నీ తీసుకుని ఆ బండి మీదే రేపల్లె బయల్దేరాడు. ఆరేళ్ళ సిమ్రాన్ ముందు నిలబడి, సందు మలుపు తిరిగేదాకా అబ్బాకి చెయ్యి ఊపింది.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికే, సాయంత్రం అసర్ నమాజుకి ఖలీల్ మళ్ళీ అదే జుబ్బా వేసుకున్నాడు. సజ్దాకి వంగి నుదురు నేలకానించినప్పుడు తొడకి ఏదో చురుక్కుమంది. జేబు తడిమాడు. సన్నగా, చల్లగా, రెండు కాళ్ళతో స్ప్లిట్ పిన్ను.

పైప్రాణాలు పైనే పోయాయి. మసీదుకి బయల్దేరేటప్పుడు, కింద పెడితే సిమ్రాన్ ఎత్తుకుపోయి బొమ్మ జడలో గుచ్చుతుందని తనే జుబ్బా జేబులో వేసుకున్నాడు. పిల్లకి అందకుండా దాచాడు గదా, మహానుభావుడు!

నమాజు మధ్యలో వదిలెయ్యకూడదు. ప్రాణం మీదికొస్తే వదలొచ్చని పెద్దలు చెప్పింది గుర్తొచ్చింది. వదిలేశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పక్కనున్న ఎరువుల కొట్లోకి పరిగెత్తాడు.

"బాబాయ్, మీ మోటార్ సైకిల్..." అంటూనే అరచేతిలో పిన్ను చూపించాడు.

కొట్టు యజమాని పూర్ణచంద్రరావు పెద్దాయన, నిదానస్తుడు. ఆ రోజు మాత్రం కొట్టు తెరిచే వదిలేసి బండి తీశాడు. ఆయన దగ్గర సెల్‌ఫోనుంది. హిదాయతుల్లా దగ్గర గానీ ఆలియా దగ్గర గానీ లేదు. ఇంకెవరికి చేస్తారు?

వేమూరు దాటాక కాలవగట్టు మీద జనం గుమిగూడి కనిపించారు. ఖలీల్ కళ్ళు మూసుకున్నాడు. చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం.

"గేదె రా! గేదె కాలవలోకి జారింది, అంతే," అన్నాడు పూర్ణచంద్రరావు.

ఖలీల్‌కి ఏడుపొచ్చింది. ఎవరి గేదో పాపం, దాని కష్టం చూసి ఇతను దేవుడికి దండం పెట్టుకున్నాడు.

భట్టిప్రోలు దాటాక నిమ్మకాయ సోడా బండి దగ్గర స్కూటర్ నిలబెట్టి ఉంది. సిమ్రాన్ చేతిలో గ్లాసుంది.

"బావా, నువ్వేంటి ఇక్కడ? ఇది సోడా సోడా అని ఒకటే గోల, ఆగాం," అన్నాడు హిదాయతుల్లా. "బండి వెనక కాస్త ఊగుతోంది. గాలి తక్కువేమో."

ఖలీల్ బండి వెనక్కి పరిగెత్తాడు. మోకాళ్ళ మీద కూలబడి రేకు మూత ఊడదీశాడు. నట్టు పానా లేకుండా రెండు వేళ్ళకే తిరిగింది. ఇంకో రెండు చుట్లు తిరిగితే ఊడి చేతిలోకొచ్చేది.

డిక్కీలోంచి పానా తీసి బిగించాడు. పిన్ను గుచ్చబోయాడు. మసక వెలుతుర్లో సూదికి దారం ఎక్కించే చెయ్యి, ఆ పిన్నుని బెజ్జంలోకి దూర్చలేకపోయింది. ఆలియా ఆ పిన్నునీ మొగుడి మొహాన్నీ చూసింది. ఆమెకి అంతా అర్థమైంది. పిన్ను తీసుకుని తనే గుచ్చింది.

"మేం బస్సులో పోతాం," అంది తమ్ముడితో.

"నేను రాను," అంది సిమ్రాన్. అప్పటికే స్కూటరెక్కి ముందు నిలబడింది. "ఇది మా అబ్బా చేసిన బండి. దీనికేం కాదు. పోనియ్ అబ్బా!"

ఇప్పుడు నిజంగానే దానికేం కాదు. పిన్ను దాని చోట్లో ఉంది. అయినా ఖలీల్‌కి కిక్కు మీద కాలు పెట్టే ధైర్యం రాలేదు. హ్యాండిల్ పట్టుకుని, కూతురు పడకుండా ఒక చెయ్యి ఆమె నడుం చుట్టూ వేసి, బండిని రేపల్లె వైపు మెల్లగా నెట్టుకుంటూ నడిచాడు.

ఇంజను మోగడం లేదని సిమ్రాన్ నోటితోనే డుర్రుమని శబ్దం చేస్తోంది.