స్టిక్కర్ లేని సూటు

ఆ ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు తాతయ్య గోటికి దొరకాల్సిందే. గిన్నె అడుగున ఉన్నా, బకెట్ చెంపన ఉన్నా, ఆఖరికి ఆపిల్ పండు మీద ఉన్నా, స్టిక్కర్ అన్నది ఆయన కంట్లో నలుసు. వేడినీళ్ళు, దూది, బోలెడంత ఓపిక. ఒలిచేశాక ఆ చోట వేలితో రాసి చూసి, "ఆనవాలు లేదు!" అని మురిసిపోయేవాడు. పోనీలే, రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషికి అదో కాలక్షేపం అని ఆయన కూతురు లెక్కల టీచరు ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. చెప్పాల్సింది. ఒక్కసారైనా గట్టిగా చెప్పాల్సింది. ఇప్పుడు ఈతకొలను వెనక గదిలో తడినేల మీద నిలబడి నెత్తి కొట్టుకుంటే ఏం లాభం?

"దీని స్టిక్కర్ ఏదమ్మా?" అని అడిగింది పోటీకి ముందు ఈతసూట్లు తనిఖీ చేసే ఆవిడ.

టీచరు కూతురు వెనక్కి తిరిగి నిలబడింది. నీళ్ళంటే అంత పిచ్చి కాబట్టి తాతయ్య ఆ పిల్లకు బుడబుంగ అని నీటిపిట్ట పేరు పెట్టాడు. ఒంటికి అతుక్కుపోయిన నల్లటి కొత్త సూటు. నడుం దగ్గర, పోటీకి పనికొస్తుందని చెప్పే చిన్న ముద్ర స్టిక్కర్ ఉండాల్సిన చోట, అద్దంలా నున్నగా ఉంది.

టీచరు వంగి ఆ చోట వేలితో తడిమి చూసింది. ఆ ముద్ర ఉందో లేదో కొట్లో తన కళ్ళతో తనే చూసుకుని మరీ కొంది. భుజాలు కప్పకూడదు, మోకాలు దాటకూడదు, జిప్పు ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి వేసుకోకూడదు. నియమాలన్నీ ఎక్కాల్లా వల్లించింది. పొద్దున ఆ సూటు తొడిగేసరికి తల్లీకూతుళ్ళిద్దరి వేళ్ళూ కందిపోయాయి. ఆ హడావిడిలో నడుం వైపు ఎవరు చూశారు గనక!

"కొత్తదండీ. కంపెనీ పేరు చూడండి, కుట్టు చూడండి. మొన్న కొన్నాం."

"సూటు మంచిదేనమ్మా, నాకూ తెలుస్తోంది. కానీ ముద్ర లేకుండా దూకితే, గెలిచినా లెక్కలోంచి కొట్టేస్తారు. రేపు పక్కపిల్ల తల్లి వచ్చి అడిగితే నేనేం చెప్పను?"

"మేమేదో దొంగసూటు తెచ్చినట్టు మాట్లాడతారేంటండీ?"

"నేనలా అన్లేదు. వేరేది ఉంటే వేయించండి. టైమ్ అయిపోతోంది."

టీచరు మెట్లెక్కి గ్యాలరీలోకి పరుగెత్తింది. తాతయ్య ముందు వరుసలో కూర్చుని మనవరాలి కోసం మెడ చాచి చూస్తున్నాడు.

"నాన్నా, సూటు మీద స్టిక్కర్ ఏమైంది?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఒలిచేశాగా! ఎంత మొండిదనుకున్నావు? ఇస్త్రీపెట్టె కాస్త దూరంగా పట్టి, మెల్లగా లేపాను. పిల్ల నడుముకు గుచ్చుకోదూ మరి? ఆనవాలు లేదు, చూశావా?"

ఆమె నోటికొచ్చిన మాట కన్నతండ్రిని అనాల్సింది కాదు. "ఎక్కడ పెట్టావు?" అని మాత్రం అడిగింది.

"ఎక్కడేంటి, చెత్తబుట్టలో."

ఇక మిగిలింది సంచి అడుగున పడున్న పాత సూటు. తాతయ్య వీళ్ళింటికి రాకముందు కొన్నది కాబట్టి దాని స్టిక్కర్ బతికిపోయింది. కానీ రోజూ క్లోరిన్‌లో నాని, సాగి, వీపు దగ్గర గుల్లయిపోయింది. బుడబుంగ కొత్తది విప్పి పాతది వేసుకుంది. తనిఖీ ఆవిడ ముద్ర చూసి పోటీకి పంపించేసింది. అదే టీచరుకు ఒళ్ళు మండించింది. ఈదడానికి పనికిరాని సూటేమో నియమానికి పనికొచ్చిందట!

ఈ బటర్‌ఫ్లై ఈత పోటీలో మొదట వచ్చిన ఒక్కరినే పెద్ద శిక్షణ శిబిరానికి తీసుకుంటారు. వచ్చే ఏడాది బుడబుంగ వయసు దాటి పెద్దపిల్లల గుంపులో పడుతుంది. అందుకే చలి అనక, వాన అనక తెల్లవారుజామున నీళ్ళలో దూకింది.

దూకగానే వీపు దగ్గర సూటు సంచిలా నీళ్ళు పట్టింది. అయినా చివరి మలుపు దాకా అందరికంటే ముందే ఉంది. ఆ తర్వాత నీళ్ళు ఆమెను పట్టుకుని వెనక్కి లాగినట్టే అయింది. పక్క వరుస పిల్ల చెయ్యి ముందు గోడకు తగిలింది. బుడబుంగది ఆ వెంటనే.

"రెండోది! మన పిల్ల రెండోది!" అని తాతయ్య చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

కారు దగ్గరికి వచ్చాక టీచరు ఇక ఆగలేకపోయింది. "ఆ స్టిక్కరే సూటుకు ప్రాణం నాన్నా! అది లేదని వెయ్యనివ్వలేదు. నీ గోరు ఊరుకోదా? పిల్ల కష్టమంతా ఒలిచి చెత్తబుట్టలో పారేశావు!"

"నాకేం తెలుసమ్మా..."

"తెలియనప్పుడు చెయ్యి పెట్టకూడదు!"

అంత మాట అన్నందుకు ఆమెకు బాధేసింది. అయినా కోపం ఇసుమంతైనా తగ్గలేదు. దారి పొడుగునా వెనక సీట్లో బుడబుంగ జుట్టులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ఇంటికి వచ్చాక తాతయ్య తన కుర్చీలో కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఆకలి లేక కాదని టీచరుకు తెలుసు. తెలిసినా మళ్ళీ పిలవలేదు.

బుడబుంగ తల తుడుచుకుంటూ వచ్చి ఆయన ఒళ్ళో పతకం పడేసింది. దాని వెనక కొట్టువాళ్ళ ధర స్టిక్కర్ అలాగే ఉంది.

"ఇది ఒలిచిపెట్టు తాతయ్యా."

ఆయన చెయ్యి తియ్యలేదు. "వద్దమ్మా. మళ్ళీ దీనికేం నియమముందో."

"దీనికేం లేదులే. రెండోది కదా, దీన్నెవరూ తనిఖీ చెయ్యరు."

ఆ మాటకు టీచరు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. తాతయ్య చెయ్యి బయటికి తీశాడు. గోరు అంచున పెట్టి లాగాడు. ఎంత మొండి స్టిక్కరైనా చిరగకుండా తీసిన మనిషి చేతిలో అది సగానికి చిరిగింది. మిగతా సగం పతకానికే అంటుకుని ఉండిపోయింది.

ఆయన తలెత్తలేదు. టీచరు వెనక్కి వెళ్ళి స్టౌ మీద నీళ్ళు పెట్టి, దూది కోసం వెతికింది.