కత్తెరలో ఇరుక్కున్న రేకు

ఆదివారం పొద్దున గొడవ నా కత్తెర గురించి మొదలైంది.

కర్టెన్లకు అంచు కత్తిరిద్దామని గుడ్డ పరుచుకుని కూర్చుంటే, కత్తెర గుడ్డను తెంపకుండా నమిలింది. దాన్ని గుడ్డకు తప్ప దేనికీ వాడకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. కాగితం కత్తిరించినా నేను ఊరుకోను. కత్తెర రెండు అలుగులూ కలిసే మర దగ్గర ఏదో తళుక్కుమంటే సూదితో గీకి చూశాను. వెండిరంగు రేకు ముక్క. మాత్రల అట్టకు ఉండే రేకు.

ఇంట్లో రోజూ మాత్రలు వేసుకునేది మా తమ్ముడు ఒక్కడే. వాడి మీద విరుచుకుపడ్డాను. వాడు ఇళ్ళకు రంగులు వేస్తాడు. గోళ్ళ సందుల్లో పచ్చరంగుతోనే కాఫీ తాగుతూ, మాత్ర బొటనవేలితో నొక్కితే వస్తుందని, దానికి కత్తెరెందుకని అన్నాడు. పేపరు వెనక నుంచి మావారు అందుకున్నారు.

"వాడు ఏ విషయంలో నిజం చెప్పాడు గనక, కత్తెర విషయంలో చెప్పడానికి?"

తమ్ముడు కప్పు కడిగి బోర్లించి పనికి వెళ్ళిపోయాడు. ఆదివారం కూడా.

ఆ మాట వెనక తొమ్మిది నెలల కథ ఉంది. తమ్ముడికి హెచ్‌ఐవీ అని తేలినప్పుడు మా ఇంటికి తెచ్చుకున్నాను. ఎలా వచ్చిందని నేను అడగలేదు. మావారు మూడుసార్లు అడిగారు. తేలిన రోజే మందులు మొదలుపెట్టారు. రోజుకొక మాత్ర, రాత్రి ఎనిమిదింటికి. ఆరు నెలల తర్వాత రక్తం పరీక్ష చేస్తే వైరస్ ఇసుమంత కూడా తగ్గలేదు. మందు సరిగ్గా వేసుకోవడం లేదని ఆస్పత్రి చీటీ మీద రాశారు.

మావారు అదే ఆస్పత్రిలో మందుల గది చూస్తారు. ఆయన మాటకు ఎదురేముంది? అప్పటి నుంచి ప్రతి ఆదివారం పళ్ళెంలో మాత్రలు పోసి లెక్కపెట్టేవారు. లెక్క ఎప్పుడూ సరిపోయేది. పారేస్తున్నాడేమో అనేవారు. అప్పుడు నేనొక పని చేశాను. రాత్రి ఎనిమిదింటికి వాడి ముందు నిలబడి, మింగాక నోరు తెరవమనేదాన్ని. ముప్ఫై నాలుగేళ్ళ మనిషిని నాలుక ఎత్తి చూపించమన్నాను.

"ఉన్నది ఒక్క నాలుక అక్కా. అది బావ ముందు ఎలాగూ లేవదు. కిందేం దాస్తాను?" అనేవాడు నవ్వుతూ. రెండు నెలల తర్వాత ఆ నవ్వు మానేశాడు. రెండోసారీ వైరస్ తగ్గలేదు. మొదటిరోజు తీసి దాచిన రక్తాన్ని పెద్ద పరీక్షకు పంపుతామన్నారు డాక్టరమ్మ. అందులోనూ వీడి తప్పే అని తేలితే వీడు వేరే గది చూసుకోవాలని మావారు తేల్చేశారు. నేను కాదనలేదు.

కత్తెర గొడవ జరిగిన మర్నాడే, సోమవారం, ఆ రిపోర్టు వచ్చింది. తమ్ముడు నన్నూ లోపలికి రమ్మన్నాడు. డాక్టరమ్మ మొదట వాడికి క్షమాపణ చెప్పారు. ఆ తర్వాతే కాగితం తిప్పారు.

"ఇది మీరు మాత్రలు మానడం వల్ల కాదు. మీకు అంటుకున్న వైరసే ఈ మందుకు లొంగనిది. మొదటి మాత్ర వేసుకోకముందు తీసిన రక్తంలోనే అలా ఉంది."

అలా ఎలా అవుతుందని అడిగాను. ఎవరో మందు మొదలుపెట్టి ఉంటారు, మధ్యలో రోజుల తరబడి ఆగిపోయి ఉంటుంది, ఆ సందులో వైరస్ మొండికేసి ఉంటుంది, ఆ మొండిదే చేతులు మారి ఇతనికి చేరింది అన్నారు. వేరే రకం మందు ఉంది, ఈ రోజే మారుస్తానన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఈ ఏడాది కొత్తగా తేలినవాళ్ళలో ఇలాంటివారు మీతో కలిపి ఐదుగురు అన్నారు. ఇంతమందంటే ఎక్కడో చాలామందికి మందు ఆగి ఉండాలి. వాళ్ళెవరో తెలిస్తే వాళ్ళకీ పరీక్ష చేసి మందు మార్చవచ్చు. "కానీ మా రిజిస్టర్లో ఎవరికీ ఒక్క రోజు కూడా ఆగలేదు. అందరికీ నెలనెలా ముప్ఫై ఇచ్చినట్టే ఉంది."

నా కళ్ళ ముందు కత్తెర మెరిసింది.

ఇంటికొచ్చి హాల్లో నిలబడ్డాను. గోడ మీద మావారి ప్రశంసాపత్రం ఉంది. ఏడాది పొడవునా ఒక్క రోజూ మందుల కొరత రానివ్వనందుకు మూడేళ్ళ కిందట ఇచ్చారు. వారం వారం దాని అద్దం తుడిచేది నేనే. ఆ ఏడాదే ఆఫీసులో కత్తెర లేదని నాది పట్టుకెళ్ళి, నాలుగు నెలల తర్వాత మొద్దుబారింది తెచ్చారు. ఏం కత్తిరించారని నేను అడగలేదు. సాన పట్టించుకుని ఊరుకున్నాను. మొన్న బుధవారం మళ్ళీ పట్టుకెళ్ళి తెచ్చారు. ఆదివారం తమ్ముడిని తిడుతున్నప్పుడు ఆ సంగతి నాకు గుర్తే రాలేదు. ఆయనకు గుర్తుంది. పేపరు వెనక కూర్చుని నన్ను తిట్టనిచ్చారు.

సాయంత్రం ముగ్గురం భోజనాలకు కూర్చున్నాం. అన్నం వడ్డించి, కత్తెర తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూనే చెప్పుకొచ్చారు.

కొరత అని రాయొద్దని పైవాళ్ళే అన్నారట. రాస్తే పేరు పోతుందట. ఉన్న అట్టల్ని సగానికి కత్తిరించి అందరికీ పంచారట, ఎవర్నీ ఉత్త చేతులతో పంపలేదట. ఇప్పుడూ సరుకు వచ్చేదాకానేనట.

"పదిహేను చేతిలో పెట్టి ముప్ఫై అని రాయడం పంచడం ఎలా అవుతుందండీ? మిగతా పదిహేను రోజులు వాళ్ళేం మింగాలి?"

తమ్ముడు తల ఎత్తాడు.

"నాకు మాత్రం ఈ వారం కూడా ముప్ఫై ఇచ్చారు బావా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే ఇప్పుడే తోచినట్టు అన్నాడు. మావారి చెయ్యి కంచంలో ఆగింది.

అప్పుడన్నారు, ఉద్యోగం పోతే ఇల్లెలా గడుస్తుందో ఆలోచించుకోమని. ఆలోచించాను. వాడి నోట్లోకి టార్చి వేసి చూసిన రాత్రులు కూడా ఆలోచించాను. ఎవరింట్లోనో ఇంకెవరో ఇలాగే నాలుక ఎత్తి చూపిస్తుంటారని కూడా.

"వీడు ఎక్కడికీ వెళ్ళడు" అన్నాను. "రేపు తొమ్మిదింటికి నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. అప్పుడెవరికి సగం ఇచ్చారో, ఈ వారం ఎవరికి ఇచ్చారో మీకు తెలుసు, నాకు తెలియదు. కాబట్టి మీరొచ్చి చెబితే వాళ్ళకు మేలు. రాకపోతే నాకు తెలిసింది నేను చెప్పి, కత్తెర ఆవిడ బల్ల మీద పెట్టి వస్తాను."