కాయితం మీద కాన్పు

"అయిదు చాయ్‌లు పెట్టు, ఒకదాంట్ల చక్కెర వద్దు" అని రాందాస్ ముందుగదిలోంచి కేకేసేసరికి సరిత పాలు పొయ్యి మీద పెట్టేసింది. ఎన్నికలొచ్చాక పొద్దున్నే ఆయన చుట్టూ నలుగురు చేరడం, చాయ్ అడగడం, టీవీ పెట్టడం మామూలే. ఆ రోజు టీవీలో జనాభా మీద చర్చ. ఒక్కరే చాలని ఏళ్ళ తరబడి ఆడవాళ్ళ కడుపులకు కాపలా కాసిన దేశం ఒకటి, ఇప్పుడు ముగ్గుర్ని కనండి తల్లీ అని బతిమాలుతోందట. తెర మీద కోట్లేసుకున్న మగవాళ్ళు నలుగురు, ముందుగదిలో లుంగీలు కట్టుకున్న మగవాళ్ళు అయిదుగురు. తొమ్మిదిమంది కలిసి ఎవరెంతమందిని కనాలో తేలుస్తున్నారు. ముగ్గుర్ని కన్న మనిషి మాత్రం వంటింట్లో అల్లం దంచుతోంది.

"గాడి సంగతి దేనికిగాని, మన దగ్గర గూడ ఇద్దరు పిల్లల రూల్ ఎత్తేసిండ్రు గద" అన్నాడు ఎదురింటి గౌరయ్య. "ఇగ ఎందరున్నా సర్పంచ్‌కు నిలబడొచ్చు. రాందాస్‌కు నేనే చెప్పిన, నెల దాటింది."

రోకలి సరిత చేతిలోనే ఉండిపోయింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. నెల దాటిందా? ఈ నెల రోజులూ ఆ మనిషి తన పక్కనే కూర్చుని తిన్నాడు, తనతోనే ఓట్ల సంగతి మాట్లాడాడు, ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ రూలు కోసం ఆమె ఏం పోగొట్టుకుందో ఆ గదిలో రాందాస్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఏడేళ్ళ కింద మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు, "ఇది బయటపడితే నా నామినేషన్ ఖతం" అన్నాడు. కడుపు కనబడక ముందే సూర్యాపేటలో మరిది బాల్యా కిరాయి గదికి పంపించాడు. తోటికోడలు భూలి కడుపుతో ఉందని, సరిత చాకిరీకి పోయిందని తండాలో చెప్పారు. నిజంగానే చాకిరీ చేసింది, ఎనిమిదో నెల దాకా వాళ్ళందరికీ వండి పెట్టింది. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో కాన్పయింది. అక్కడి కాగితాల్లో ఆమె పేరు భూలి. నొప్పులు పడుతూ కూడా నర్సు ఆ పేరుతో పిలిస్తే పలకాలి. మర్చిపోయి పలకకపోతే అత్త శాంతాబాయి తొడ గిల్లేది. పుట్టింది నందిని. ఆ వెంటనే బాల్యా వాళ్ళ కాపురాన్ని తండాలో పక్కింటికే తెచ్చిపెట్టారు. "ఆడిపిల్లనే గద, ఏ ఇంట్ల పెరిగితే ఏంది? అడ్డం ఒక్క గోడ" అంది అత్త. ఆ గోడకు ఇవతల పాలు గడ్డకట్టి సరితకు మూడు రోజులు జ్వరం కాచింది. ఆ పిల్ల ఇప్పుడు భూలిని తమ లంబాడీ మాటలో యాడీ, అంటే అమ్మా, అని పిలుస్తుంది. సరితను పెద్దమ్మా అంటుంది. రూల్ పోయినంక కాయితం మార్పిద్దాం అని మొగుడు తలమీద చెయ్యేసి చెప్పిన మాట పట్టుకుని ఆమె ఇన్నేళ్ళు లాక్కొచ్చింది.

మగవాళ్ళు వెళ్ళగానే అడిగింది.

"నెల సంది ఎరుకనా నీకు?"

"ఎరుకైతే?" అన్నాడు రాందాస్, కాగితాలు సర్దుకుంటూ. "ఇప్పుడు కదిలిస్తే దొంగ కాయితంతో గెలిసిన అంటరు. పరువు పోతది. ఈసారి సీటు ఆడోళ్ళకొచ్చింది, నీ పేరు మీద నామినేషన్ రేపే. పిల్లలు ఇద్దరని రాసి పెట్టిన. నువ్వు సంతకం పెట్టు, పని నేను జేస్త. నీకేం కష్టం జెప్పు?"

ఏం కష్టమట. సరిత ఖాళీ గ్లాసులు అక్కడే వదిలేసి బయటికి నడిచింది.

పక్కింటికి పోయేసరికి భూలి నందినికి జడలేసి బడికి పంపిస్తోంది. పిల్ల గేటు దాటేదాకా సరిత ఆగింది. ఆగి, రూలు పోయిన సంగతి చెప్పింది. భూలి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"తీస్కపోతవా అక్కా? నాకు ఇగ పుట్టరు గద."

"పుట్టరేంది? కొడుకు తర్వాత నువ్వే వద్దన్నవట. మీ బావ చెప్పిండు."

"నేనెందుకు వద్దంట? ఒక బిడ్డ కావాలని ఎంత ఆశుండె. నందినికి మూడో నెల రాంగనే నాకు ఆపరేషన్ చేపిచ్చిండ్రు. కాయితంల ఇద్దరు అయిండ్రట. ఇంకొకలు పుడితే మా ఆయన గూడ రేపు దేనికీ నిలబడరాదట. బావనే దగ్గరుండి తీస్కపొయ్యిండు." భూలి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీకు ఎరుకే అనుకున్న. ఎరికుండి గూడ ఒక్క మాట అడగకపోతివని ఎన్నిసార్లు ఏడ్సిన్నో."

సరిత అక్కడే మట్టిలో కూలబడింది. ఏడేళ్ళు. ఒకే గోడకు రెండు పక్కల పడుకుని, ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుని, నా బిడ్డను ఎత్తుకుని హాయిగా ఉందని తను దీన్ని లోలోపల తిట్టుకున్న ఏడేళ్ళు. ఛీ, ఎంత గుడ్డిదాన్ని అనుకుంది. ఆ ఒక్క కుర్చీ కోసం ఒకరి కడుపు దాచారు, ఇంకొకరి కడుపు కోయించారు.

"బిడ్డ నీ దగ్గరనే ఉంటది" అంది చివరికి. "సాకింది నువ్వు, యాడివి నువ్వే. కాని కన్నది నేనని ఒక్కకాడన్న ఉండాలె. నీకు చేసింది గూడ నలుగురికి తెల్వాలె."

భూలి వంగి సరితకు చెయ్యిచ్చి లేపింది.

మర్నాడు నిడమనూరు నామినేషన్ కేంద్రంలో రాందాస్ నింపిన కాగితాన్ని సరిత ముందు పెట్టాడు. ఆమెను ప్రతిపాదించే ఓటరు భూలి. ఇంట్లో మనిషైతే నోరెత్తదని ఆయనే ఎంచుకున్నాడు. సరిత పెన్ను తీసుకుని, తన మీద ఆధారపడిన పిల్లల పేర్ల దగ్గర, రాహుల్, అఖిల కింద నందిని అని రాసింది.

"సార్, పొరపాటున రాసింది. మాకు ఇద్దరే" అన్నాడు రాందాస్ నవ్వు తెచ్చిపెట్టుకుని. బల్ల కింద ఆమె కాలు తొక్కాడు.

సరిత కాలు తీయలేదు. సంతకం పెట్టి కాగితం భూలి వైపు జరిపింది.

అధికారి కళ్ళజోడు సవరించుకుని భూలిని చూశాడు. "ఏమ్మా, ప్రతిపాదించేది నువ్వేనా? ఈమెకు పిల్లలు ముగ్గురా, ఇద్దరా?"

"ముగ్గురే సార్" అంది భూలి, సంతకం పెడుతూ. "మూడోది నా పేరు మీద పుట్టింది. నాకు పుట్టాల్సిన బిడ్డనే ఈ బావ పుట్టనియ్యలే."