లెఫ్ట్ అని రాసిన కాగితం

బస్సు పట్నంలో, మంచు మీద రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ హాలు ముందు ఆగేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. తొంభై కిలోమీటర్ల దారి పొడుగునా పొగే. పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకుని వచ్చిన ఆ బస్సులోంచి ముసలివాళ్ళను ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దింపింది లోర్నా. అందరూ దిగాక మళ్ళీ ఎక్కి, సీట్ల కింద కూడా వంగి చూసింది. ఎవరిదో పళ్ళసెట్టు డబ్బా దొరికింది. దాన్ని పట్టుకునే హాలులోకి నడిచింది.

గ్రేలింగ్ బే బడిలో ఇరవై ఆరేళ్ళుగా ఇంగ్లీషు చెబుతోంది లోర్నా. పగలు పిల్లలకు, మంగళవారం సాయంత్రాలు చేపల ఫ్యాక్టరీలో పనికి కొత్తగా వచ్చినవాళ్ళకు. ఆ సాయంత్రం క్లాసులో ఆవిడ పెద్ద మాటలు నేర్పదు. "పెద్ద మాటలు బుద్ధిమంతులు. ఒక్కోదానికి ఒక్కటే పని. చిన్న మాటల దగ్గరే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి" అంటుంది. లైట్లు 'ఔట్' అంటే ఆరిపోయాయని, చుక్కలు 'ఔట్' అంటే ఆకాశంలో కనబడుతున్నాయని బోర్డు మీద రాస్తుంది. అలారం 'ఆఫ్' అయిందని ఎవరైనా చెబితే అది మోగిందో, ఆగిందో అడిగి తెలుసుకోమంటుంది. 'ఫైన్' అంటే కులాసా, 'ఫైన్' అంటే జరిమానా.

"ఇన్ని అర్థాలున్న మాటను నమ్మి ఇంట్లో ఎలా పెట్టుకుంటారు టీచర్?" అని ఒకసారి మిలాగ్రోస్ అడిగితే క్లాసంతా పగలబడి నవ్వింది. మిలాగ్రోస్ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి రెండేళ్ళయింది. పొద్దున ఫ్యాక్టరీలో చేపలు కోస్తుంది. మధ్యాహ్నం తోర్దిస్ ముసలమ్మ ఇంట్లో వంటా, ఉతుకూ చూస్తుంది. తోర్దిస్‌ది ఐస్‌లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వాళ్ళ భాషలో నాయనమ్మను 'అమ్మ' అంటారు. ఆ మాట మనవల నోట మొదలై ఊరంతా పాకింది. ఎనభై నాలుగేళ్ళ తోర్దిస్ అందరికీ అమ్మే.

ఆ మిలాగ్రోసే ఇప్పుడు మంచాల వరసల మధ్య నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది.

"టీచర్, అమ్మ ఏ బస్సులో వచ్చింది?"

"నా బస్సులో లేదే. నువ్వు తీసుకొచ్చావనుకున్నానే!"

"మమ్మల్ని పదకొండింటికే ఫ్యాక్టరీ వ్యానులో ఎక్కించేశారు. అమ్మను తెస్తానంటే, ముసలివాళ్ళను బస్సులు చూసుకుంటాయి, నువ్వు ఎక్కు అన్నాడు మా సూపర్‌వైజరు."

"అయితే ఎవరో కారులో ఎక్కించుకునుంటారు. ఉండు, లిస్టు నా దగ్గరే ఉంది."

లోర్నా కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. కార్చిచ్చు ఏటి ఇవతలికి దూకిందని, ఊరు ఖాళీ చెయ్యమని పొద్దున పదింటికి చెప్పారు. అప్పటినుంచి బడిలో టెలిఫోను పక్కన కూర్చుని ఆ కాగితం రాసింది తనే. సొంత బండ్లలో బయలుదేరినవాళ్ళు గుమ్మం దగ్గర ఆగి పేరు చెప్పి వెళుతుంటే రాసుకుంది. పైన పెద్ద అక్షరాలతో 'లెఫ్ట్' అని పెట్టి కింద గీత గీసింది.

వేలు పెట్టి కిందికి చూస్తూ పోయింది. ఇరవై అయిదో పేరు తోర్దిస్‌ది.

"ఇదిగో, ఉంది. వెళ్ళిపోయింది. నేను చెప్పలా?"

మిలాగ్రోస్ కాగితం మీదికి వంగింది. పేరు చూసింది, పైన రాసినదీ చూసింది. అయినా మొహం తేట పడలేదు.

"టీచర్, ఇది ఏ లెఫ్ట్?"

"ఏ లెఫ్ట్ ఏంటి?"

"మీరే కదా చెప్పారు. ఒకటి ఎడమ. ఒకటి వెళ్ళిపోయారు. ఇంకోటి... ఇంకా మిగిలున్నారు. ఇక్కడ ఏది?"

"వెళ్ళిపోయినవాళ్ళు. నేను రాసిందేగా" అంది లోర్నా. అంటూనే ఆగిపోయింది.

మొదటి ఇరవై రెండు పేర్లు తన రాతే, కుడిపక్కకు వాలిన అక్షరాలు. ఆ కింద ఏడు పేర్లు తనవి కావు. నిలువుగా, ముక్క ముక్కగా, ఊరి ఆఫీసు గుమాస్తా వారెన్ రాత. ఒక్కో పేరు పక్కన ఇంటి నంబరు కూడా ఉంది. వెళ్ళిపోయినవాళ్ళకు ఇంటి నంబరు ఎందుకు?

వారెన్ హాలు చివర కాఫీ బల్ల దగ్గర ఉన్నాడు. ఊరి రికార్డులన్నీ తన కారులో ఎలా కుక్కాడో ఎవరికో చెప్పి నవ్విస్తున్నాడు. లోర్నా అతని మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"నన్ను బస్సుల దగ్గరికి పిలిచినప్పుడు నా కుర్చీలో నువ్వు కూర్చున్నావు కదా. ఈ ఏడుగురూ ఎవరు?"

"వాళ్ళా? ఫోన్ చేసినవాళ్ళు. బండి లేదు, ఎవరినైనా పంపమన్నారు. రాసుకున్నా. బండి వస్తుంది, ఇల్లు కదలొద్దని చెప్పా. కాగితం ఫైరింజనువాళ్ళకిచ్చా, వాళ్ళే తెస్తారని."

"ఇందులో ఎందుకు రాశావు?"

"నువ్వే పెట్టావు కదా లెఫ్ట్ అని! మిగిలినవాళ్ళ లిస్టే కదా అది? ఇంకెందులో రాయను?"

"అది వెళ్ళిపోయినవాళ్ళ లిస్టు వారెన్."

వారెన్ చేతిలో కాఫీ కప్పు పక్కకు ఒరిగింది. చొక్కా మీద కారుతున్నా చూసుకోలేదు. "దేవుడా" అన్నాడు మెల్లిగా. ఆ వెంటనే, "'వెళ్ళారు' అని రాయొచ్చుగా! అంత చదువు చెప్పేదానివి!" అని గట్టిగా అరిచాడు. చుట్టుపక్కల తలలు ఇటు తిరిగాయి.

లోర్నాకు బస్సు మెట్టు దగ్గర జరిగింది కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. ఊరి అగ్నిమాపక దళానికి పెద్ద గోర్డీ. మామూలు రోజుల్లో పడవల మోటార్లు బాగుచేస్తాడు. ఒంటిగంటకు ఈ కాగితం పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చాడు. "లోర్నా, ఇందులో ఉన్నవాళ్ళంతా లెఫ్టేనా?" అని అడిగాడు. ఆమె ఒక ముసలాయన చక్రాల కుర్చీ మడుస్తోంది. కాగితం వైపు చూడనైనా చూడకుండా, "ఆఁ, లెఫ్టే" అంది. గోర్డీ కాగితం ఆమె జేబులో దూర్చి, ఊరు ఖాళీ అని రేడియోలో చెప్పి, బస్సు తలుపు మీద రెండుసార్లు చరిచాడు. పోనియ్యమని.

సెల్‌ఫోను టవరు పొద్దునే కాలిపోయింది. హాలు గుమ్మం దగ్గర ఒక కానిస్టేబులు రేడియో పెట్టుకుని కూర్చుంది. లోర్నా చెప్పిన రెండు ముక్కలకే ఆ అమ్మాయి లేచి, గోర్డీని లైన్లోకి పిలిచి, రేడియో లోర్నా చేతికిచ్చింది.

"గోర్డీ, ఎక్కడున్నావు?"

"రోడ్డుకు అడ్డంగా ట్రక్కు పెట్టుకుని, ఊరికి పన్నెండు కిలోమీటర్ల ఇవతల. ఏంటి, నా మీద బెంగా?"

"గోర్డీ, లె..." అనబోయి నాలుక కరుచుకుంది. ఇంకో మాట వెతుక్కోవాల్సి వచ్చింది. "ఏడుగురు ఇంకా ఇళ్ళల్లోనే ఉన్నారు. ఎవరూ తీసుకురాలేదు."

అవతల ట్రక్కు తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"లిస్టులో వాళ్ళంతా వెళ్ళిపోయారన్నావుగా?"

"తప్పు చెప్పాను. పేర్లూ, నంబర్లూ చదువుతాను. రాసుకో."

చదివింది. ఒక్కో నంబరు రెండేసిసార్లు చెప్పింది. చివరి పేరు చెరువుగట్టు వీధిలో ఒంటరిగా ఉండే ఎల్మర్‌ది.

"గాలి మారింది లోర్నా. ఊళ్ళో ఇరవై నిమిషాలు ఉండగలిగితే గొప్ప. ఇద్దరం వెళ్తున్నాం. మీరు అక్కడ వెతకండి. వీళ్ళలో ఎవరైనా ఎలాగో అలా వచ్చిపడుంటే నాకు వెంటనే చెప్పండి. లేనివాళ్ళ కోసం తలుపులు పగలగొడుతూ కూర్చోలేను."

ఇక అక్కణ్ణుంచి వెతుకులాట. మిలాగ్రోస్ మంచం మంచం దగ్గరా ఆగి ఆ ఏడు పేర్లూ అడిగింది. నిద్రపోతున్నవాళ్ళను కూడా తట్టి లేపింది. కొందరు విసుక్కున్నారు, కొందరు సాండ్‌విచ్ చేతికిచ్చి కూర్చోమన్నారు. మూడో వరసలో దుప్పటి కప్పుకుని పడుకున్న మొగుడూ పెళ్ళాలు లేచి, "మేమే, ఏం?" అన్నారు. బండి ఎంతకీ రాకపోతే ఎదురింటివాళ్ళ ట్రక్కు వెనక ఎక్కేశారట. లోర్నా రెండు పేర్లు కొట్టేసి రేడియో దగ్గరికి పరిగెత్తింది. చర్చిలో కూడా జనాన్ని దింపారని తెలిసి వారెన్ తడిచొక్కాతోనే కారేసుకుని వెళ్ళాడు. నలభై నిమిషాలకు తిరిగొచ్చి, గుమ్మంలోంచే మూడు వేళ్ళు చూపించాడు. ముగ్గురు దొరికారు.

మిగిలింది ఇద్దరు. తోర్దిస్, ఎల్మర్.

గోర్డీ ఊళ్ళోకి వెళ్ళి గంట దాటింది. కానిస్టేబులు పిలుస్తూనే ఉంది, జవాబు లేదు. మిలాగ్రోస్ గోడకు చేరగిలబడి జపమాల తిప్పుతోంది. లోర్నాకు కూర్చోవాలనిపించలేదు, నిలబడాలనీ లేదు. పళ్ళసెట్టు డబ్బా ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు చూసుకుని బల్ల మీద పెట్టింది. ఎవరో వచ్చి తీసుకుని థాంక్స్ చెప్పారు. ఎవరో కూడా చూడలేదు.

అయిదూ పదికి రేడియో గరగరమంది.

"ఒకరు దొరికారు" అన్నాడు గోర్డీ. దగ్గు తెర ముంచుకొచ్చి మాట సాగలేదు.

"ఎవరు? గోర్డీ, ఎవరు?"

"తోర్దిస్. ఊపిరి ఆడుతోంది. ఎల్మర్ ఇంటి తలుపు బార్లా తీసుంది, లోపల ఎవరూ లేరు. కేకలేశాం. కంచె అంటుకుంది, ఇక ఆగలేకపోయాం. లోర్నా... ఆగలేకపోయాం."

ఆరున్నరకు ఫైరింజను వచ్చింది. ముసలమ్మను స్ట్రెచర్ మీద దింపారు. మొహానికి ఆక్సిజన్ గొట్టం, జుట్టంతా బూడిద. చేతి సంచీ మాత్రం గుండెలకు హత్తుకుని ఉంది, ఎవరడిగినా వదలలేదు. అంబులెన్సు వచ్చేదాకా పది నిమిషాలు గుమ్మం పక్క నీడలో ఉంచారు. మిలాగ్రోస్ తడిబట్టతో ఆమె మొహం తుడుస్తూ తన భాషలో ఏదో గొణుగుతోంది. లోర్నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"పన్నెండింటికే తయారయ్యా" అంది తోర్దిస్, ముక్కుగొట్టం పక్కకు జరుపుకుని. "పిల్లికి పాలు పోసి, స్టవ్ ఆపి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఎదురింటివాళ్ళు బయల్దేరుతూ రమ్మన్నారు. అక్కర్లేదర్రా, మీకు పిల్లాజెల్లా ఉన్నారు, మీరు పొండి, నా పేరు లిస్టులో ఉంది అన్నా."

లోర్నా ఆమె జుట్టులోని బూడిద దులిపింది.

"ఆకాశం ఎర్రబడింది. లోపలికి పోదామా అనుకున్నా. లోపలుంటే బండివాడు చూడకుండా పోతాడేమోనని కదల్లేదు."

"లిస్టు రాసింది నేనే అమ్మా. ఒక మాట రాశాను. అది రెండు రకాలుగా..." ఎలా చెప్పినా చిన్నదిగానే వినబడుతుంది. "గోర్డీ అడిగితే నేను చూడకుండానే అవునన్నాను."

తోర్దిస్ ఆమె వైపు చాలాసేపు చూసింది. కోపమో, అలసటో, పొగకు మండిన ఆ కళ్ళలో ఏమీ తెలియలేదు.

"నువ్వు నా మనవడికి చదవడం నేర్పావు" అంది చివరికి. "ఇప్పుడు ఆ లిస్టు గురించి నన్ను మాట్లాడనివ్వకు పిల్లా. నాకు ఓపిక లేదు. ఎల్మర్ వచ్చాడా?"

"లేదమ్మా."

"అయితే ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు?"

మిలాగ్రోస్ ఆమెతో పాటు అంబులెన్సు ఎక్కింది. లోర్నా రేడియో దగ్గరికి తిరిగి వెళ్ళింది. పొగలో ఎర్రగా ఎంతకీ కుంగని పొద్దు. కానిస్టేబులు చెరువు మీదికి హెలికాప్టరు పంపమని అడిగింది. పొగ పలచబడితే పొద్దున చూస్తామన్నారు.

మర్నాడు తొమ్మిదింటికి కబురొచ్చింది. చెరువు నడుమ రెండు కుక్కలతో అల్యూమినియం పడవలో ఎల్మర్ కనిపించాడు. తడిపిన దుప్పటి నెత్తిన కప్పుకుని, అరచేతులు బొబ్బలెక్కి, నిప్పులాంటి కోపంతో. ఇల్లు మాత్రం బూడిదయిపోయింది. బండి కోసం ఎందుకు ఆగలేదని హెలికాప్టరువాళ్ళు అడిగారట. "బండి పంపుతానన్నది వారెన్. వాడు నా ఇంటి ముందు రోడ్డు గుంట పూడుస్తానని తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాడు" అన్నాడట.

కానిస్టేబులు ఆ మాట హాలంతా వినిపించేలా చెబితే రాత్రంతా నిద్ర లేని జనం పడీపడీ నవ్వారు. వారెన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే బయటికి వెళ్ళి కారు వెనక నిలబడ్డాడు. లోర్నా వెనకే వెళ్ళింది. అతని భుజాలు కదులుతున్నాయి. ఆమెకూ ఏడుపు తన్నుకొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అక్కడే చాలాసేపు నిలబడ్డారు.

"నిన్న నీ మీద అరిచాను" అన్నాడు వారెన్.

"పోనీలే. చర్చిలో ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"అరవై దాకా."

"పద. ఒక్కొక్కరి మొహం చూసి రాసుకుందాం" అంది లోర్నా, కారు తలుపు తీస్తూ.