ఒంటి తుమ్ముకి ఆగిన నిచ్చెన

నేను ఒక వెదురు నిచ్చెనను. ముందే చెబుతున్నా, నాకు కోపం ఎక్కువ. సభల్లో మైకు దొరికిన ప్రతివాడూ "ఈ నిచ్చెనమెట్ల సమాజం నశించాలి" అని అరుస్తాడు. సమాజాన్ని తిట్టుకోండి, నేనూ తిడతాను. మధ్యలో నా పేరెందుకు? నా కింది మెట్టు పై మెట్టుకి ఏనాడూ దండం పెట్టలేదు. పై మెట్టు కింది మెట్టుని దూరంగా ఉండమనలేదు. ఆ బుద్ధులు మీవి. చెడ్డపేరు మాత్రం నాది.

నన్ను చేసింది మేదర వీరరాఘవులు. గుంటూరులో రైలుకట్ట పక్కన ఆయన కొట్టు. కొట్టంటే పైన ఒక గోనెపట్టా, కింద ఆయన. ఒకే పొదలో పుట్టిన రెండు వెదుళ్లు ఏరి, కణుపు కణుపూ తట్టి చూసి, సెగకి కాచి వంకర తీసి, బెజ్జాలు తొలిచి మెట్లు దిగ్గొట్టాడు. చివరికి తానే పైదాకా ఎక్కి, అక్కడే కూర్చుని బీడీ కాల్చుకుని దిగాడు. "మనిషిని మోస్తది. దీనికి అంతకంటే చదువు అక్కర్లేదు" అన్నాడు. నా డిగ్రీ అదే.

మొదట నన్ను కొన్నది ఒక పార్టీ ఆఫీసు. ఏ పార్టీ అని అడక్కండి, నా మీద అందరి కాళ్లదీ ఒకటే బరువు. జయంతికీ వర్ధంతికీ నన్ను విగ్రహానికి ఆనించేవాళ్లు. నాయకుడు బూట్లతో ఎక్కి దండ వేసేవాడు. ఒకసారి నేను ఫోటోకి అడ్డంగా ఉన్నానని ఫోటోగ్రాఫరు గొడవ చేశాడు. కార్యకర్తలు మహా చురుకు. వెంటనే నన్ను పక్కకి లాగేశారు. నాయకుడు ఇంకా పైనే ఉన్న సంగతి లాగాక గుర్తొచ్చింది. కాలు దబ్బున నా మధ్య మెట్టుకి తగిలింది, చేతులు విగ్రహం మెడని కావిలించుకున్నాయి, నోరు కెవ్వుమంది. మర్నాడు పేపర్లో ఆ ఫోటో కింద "మహనీయుణ్ని హత్తుకుని కంటతడి పెట్టిన నేత" అని వేశారు. పేరు ఆయనకి, తన్నులు నాకు. తీసుకెళ్లి దొడ్డిగోడ పక్కన పారేశారు. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని విన్నాను గానీ, ఏటి మధ్యలోనే తెప్పని తన్నేవాళ్లని అక్కడే చూశాను.

అక్కణ్ణించి నన్ను ఎత్తుకొచ్చినవాడు ఏసోబు. మిరపకాయ బస్తాలు మోసే హమాలీ. గాలివానకి తమ పేటలో కప్పులు లేచిపోయాయి, ఏదన్నా చెయ్యండని అడగడానికి ఆ ఆఫీసుకి వచ్చాడు. "పరిశీలిస్తాం" అన్నారు. బయటికొచ్చి నన్ను చూశాడు.

"మీరు పరిశీలిస్తా ఉండండి. ఇది నేను పట్టుకుపోతన్నా" అని భుజాన వేసుకున్నాడు. ఆ ఆఫీసు ఆ పేటకి చేసిన మేలు నేనొక్కదాన్నే.

పేట పేరు తొడిమలపేట. అక్కడి ఆడవాళ్ల పని పొద్దస్తమానం మిరపకాయలకి తొడిమలు తీయడం, మగవాళ్ల పని బస్తాలు మోయడం. ఆదివారం పని ఉండదు. ఆ రోజు ఏసోబు కొందరిని పోగుచేసి, ఎవరి ఇల్లు కూలితే వాళ్ల ఇంటి మీద పడేవాడు. తలుపులు బిగించారు, అంగన్‌వాడీకి గోడ పెట్టారు. కూలి లేదు, టీ మాత్రం ఉండాలి. వచ్చిన పని చేసేవాళ్లు, రాని పని ఇంకా ధైర్యంగా చేసేవాళ్లు. మస్తాన్‌వలి కట్టిన అరుగు మీద కూర్చున్న మనిషి మెల్లగా జారి పక్కింటి అరుగు మీద తేలేవాడు. ఏసోబు వేసిన రేకుల కింద వాన బయటికంటే లోపలే ఎక్కువ కురిసింది. అప్పట్నుంచి రేకులు వేసే పని నాంచారయ్య మేస్త్రీకి తప్ప ఇంకెవరికీ ఇవ్వడం లేదు. నాంచారయ్య చెయ్యి బంగారం. తల మాత్రం పంచాంగం.

ఆ ఆదివారం వంతు సామ్రాజ్యానిది. పేరు సామ్రాజ్యం, ఉన్నది ఒక్క గది, దానికి కప్పు లేదు. పెద్దాసుపత్రిలో కూతురు కానుపైంది. మధ్యాహ్నం ఇంటికి పంపిస్తామన్నారు. పచ్చి బాలింత, కళ్లు సరిగ్గా తెరవని పిల్లాడు, పైన చూస్తే నల్లటి మబ్బు. పడగొట్టిన గోడౌను నుంచి పాత రేకులు తెచ్చి పెట్టుకున్నారు. నన్ను గోడకి ఆనించారు. నాంచారయ్య నా మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

మస్తాన్‌వలి రేకు దులిపాడు. తుప్పు లేచింది. "హాచ్!"

ఒక్కటే.

నాంచారయ్య కాలు వెనక్కి తీశాడు. "ఒంటి తుమ్ము! ఇంక ఎక్కేది లేదు. రెండోది పడాల."

రెండోది పడితే దోషం పోతుంది, అది అందరికీ తెలిసిందే. చిక్కంతా ఏమిటంటే తొడిమలపేటలో తుమ్ము దొరకదు. కొత్తవాళ్లు సందు మొదట్లోనే తుమ్మడం మొదలుపెడతారు. పేటవాళ్ల ముక్కులు మాత్రం ఏళ్ల తరబడి మిరప ఘాటు పీల్చి ఎప్పుడో చచ్చిపోయాయి. మస్తాన్‌వలికి ఆ ఒక్కటీ ఎలా వచ్చిందో అతనికే ఆశ్చర్యం. ముక్కులో గడ్డిపరక పెట్టారు. ముక్కుపొడుం పట్టించారు. నోరు తెరిచి, కళ్లు మూసి, మొహం ఆకాశానికి ఎత్తాడు. పేటంతా ఊపిరి బిగబట్టింది. ఆవులింత వచ్చింది.

"తుమ్మరా మస్తానూ!"

"రాపోతే ఏం జెయ్యమంటావన్నా? తుమ్మేమన్నా బస్తానా, ఎత్తి దింపడానికి?"

ఏసోబుకి ఒళ్లు మండింది. "నాంచారన్నా, ఆ పిల్లోడు తుమ్ము సూసుకుని పుట్టాడా? వాన నీ తుమ్ముకి ఆగుద్దా?"

"మా బాబాయి ఒంటి తుమ్ముకి ఎక్కే పడ్డాడు."

"మీ బాబాయి కల్లు తాగి ఎక్కాడు. పేటంతా ఎరుగుదురు."

ఒకడు కులం పేరు చెప్పి తొక్కుతాడు, ఒకడు శకునం పేరు చెప్పి ఆపుతాడు. బాధపడేది ఎప్పుడూ కప్పు లేని గదే. నాకు కాళ్లుంటే ఆ రోజు నాంచారయ్యని తన్నేదాన్ని.

 సామ్రాజ్యం మబ్బుని చూసింది, సందు మొగ చూసింది. లేచి కొంగు దోపుకుంది.

"చాల్లే మీ పురాణం. ముందు నా కొంపకి దిష్టి తీస్తా" అని దోసెడు ఎండుమిరపకాయలు తెచ్చి, గుమ్మం చుట్టూ తిప్పి, వాకిట్లో పొయ్యిలో పోసింది.

చచ్చిన ముక్కులన్నీ ఒక్కసారి లేచి కూర్చున్నాయి. మస్తాన్‌వలి తుమ్మాడు, ఏసోబు తుమ్మాడు, రేకులు మోసేవాళ్లు తుమ్మారు, దారిన పోయే కుక్క తుమ్మింది.

"ఆగండి, సరి వచ్చిందా, బేసి వచ్చిందా లెక్క… హాచ్!" నాంచారయ్య మాట పూర్తి కాలేదు.

"ఎక్కుతావా, ఇంకో దోసెడు పొయ్యనా?" అంది సామ్రాజ్యం.

ఎక్కాడు. సగానికి వచ్చాక ఇంకో తుమ్ము, ఒళ్లంతా కదిలిపోయే తుమ్ము. నా మధ్య మెట్టు ఫట్టున విరిగింది. అది శకునం కాదు. నాయకుడి బూటు తగిలిన నాడే అక్కడ నెర్రె పడింది. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు. నాంచారయ్య రెండు చేతులా నన్ను పట్టుకుని, కాలు గాల్లో ఆడిస్తూ "చెప్పానా! చెప్పానా!" అని అరుస్తున్నాడు.

ఏసోబు కిందనుంచి వచ్చి, విరిగిన చోట తన భుజం పెట్టాడు. "పెట్టన్నా కాలు."

"నీ భుజం మీద కాలెట్టా పెడతాన్రా?"

"బస్తాలు నన్నడిగే పెడతన్నాయా? కానీ, చినుకు పడతంది."

ఆ పని అయ్యేదాకా నాలో ఒక మెట్టు మనిషి. నాంచారయ్య దిగిన ప్రతిసారీ ఆ భుజం మీద దిగాడు, ఎక్కిన ప్రతిసారీ "తప్పు తప్పు" అని ఆ భుజాన్ని తాకి కళ్లకద్దుకుని ఎక్కాడు. సభల్లో నన్ను తిట్టేవాళ్లు ఆ మెట్టుని ఒకసారి చూసుండాల్సింది. ఆఖరి బోల్టు బిగుస్తుంటే సందులోకి ఆటో వచ్చింది. ఈదురుగాలికి ఘాటంతా అప్పటికే కొట్టుకుపోయింది. బాలింత లోపలికి నడిచింది, వెనకే వాన కురిసింది. సామ్రాజ్యం కప్పు కింద చెయ్యి చాపి చూసుకుంది. ఒక్క చుక్క పడలేదు. అప్పుడు ఏడ్చింది.

విరిగిన నిచ్చెన ఎవరికి కావాలి? పొయ్యిలోకే అనుకున్నాను. కానీ పాత రేకుల కింద పైపు సన్నం, దానికి ఉయ్యాల కట్టొద్దన్నాడు నాంచారయ్య. "అయితే దీన్ని ఇట్టా అడ్డం పెట్టండి" అంది సామ్రాజ్యం. గోడ నుంచి గోడకి నన్ను పడుకోబెట్టి బిగించారు. నా మెట్ల నుంచి పాత చీర వేలాడింది. అందులోకి వాడొచ్చాడు.

మరుసటి ఆదివారం పక్కింటి వంతు. అరువు తెచ్చిన ఇనప నిచ్చెన మీద నాంచారయ్య కాలు పెట్టాడో లేదో, నా కింద పిల్లాడు తుమ్మాడు. ఒక్కటే. బయట అందరూ బిగుసుకుపోయారు.

"చిరంజీవ! నూరేళ్లు నాయనా!" అంది సామ్రాజ్యం. తర్వాత కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "ఏం మేస్త్రీ, నా మనవడి ఆయుష్షు నీకు అపశకునమా? పొయ్యి రగులుతానే ఉంది."

చప్పుడు లేకుండా ఎక్కేశాడు.

ఇన్నాళ్లూ నన్ను ఎక్కిన ప్రతివాడూ కదిలితే చంపుతానన్నాడు. వీడొక్కడే, కదలకపోతే ఏడుస్తాడు.