ఎర్ర పెన్సిల్ ఓటు

దర్జీ అక్కకి ఊళ్ళో వాళ్ళ ముఖాలకన్నా వేళ్ళే బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఎన్నికల రోజున బడిగదిలో ఆమెది ఒకటే పని, వచ్చినవాళ్ళ ఎడమ చూపుడువేలికి సిరా గీత పెట్టడం. పక్కన పోస్టుమేన్ తల వంచుకుని జాబితాలో టిక్కు పెడతాడు. ఈవిడ తల వంచుకునే వేలు పట్టుకుంటుంది. తలెత్తితే కబుర్లు మొదలవుతాయి, కబుర్లు మొదలైతే వరస వీధి చివరిదాకా పోతుంది.

ఊరంతా కలిపి రెండు వందల పద్నాలుగు ఓట్లు. ఎవరిది ఏ పక్షమో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. దర్జీ అక్క పుట్టింటివాళ్ళు ఎగువవీధి పక్షం, ఆమె మొగుడు వడ్రంగిది దిగువవీధి పక్షం. ఆయన కావాలనే సాయంత్రం ఆఖర్న వచ్చేవాడు. ఒకరి వెనక ఒకరు చెరో పక్షానికి వేసి, కలిసి ఇంటికెళ్ళేవారు. "ఇద్దరం కలిసి ఇంత కష్టపడి సున్నా చుట్టాం" అని దారంతా నవ్వేవాడు. ఒక ఏడు ఆమె జ్వరంతో మంచం దిగలేకపోతే ఆయన కూడా గడప దాటలేదు.

"నువ్వు లేనప్పుడు వేస్తే అది దొంగదెబ్బే" అన్నాడు.

నాలుగు నెలల క్రితం వడ్రంగి పోయాడు. ఎప్పుడూ చెవిమీద ఉండే లావుపాటి ఎర్ర పెన్సిల్‌ని ఆమే ఆయన చొక్కా జేబులో పెట్టి మట్టికి సాగనంపింది. ఓటర్ల జాబితాలోంచి ఆయన పేరు తీయడానికి, ఎన్నికలు నడిపే బడి మాస్టారు ఇచ్చిన కాగితం మాత్రం కుట్టుమిషన్ సొరుగులోనే ఉండిపోయింది. సంతకం పెడదామని తీయడం, మళ్ళీ కత్తెర కింద దాచడం.

ఈసారి ఊరిపెద్దగా పోటీకి నిలబడ్డది ఆమె సొంత తమ్ముడే. ఇల్లిల్లూ తిరిగి లెక్క తేల్చుకుని వచ్చాడు.

"బావ లేడు కాబట్టి ఒక్క ఓటుతో గట్టెక్కుతానక్కా. నువ్వు మానేశావంటే నా పని అయిపోయినట్టే."

సరేనంది. దొంగదెబ్బ అన్న మాట గుర్తొచ్చినా, తోడబుట్టినవాణ్ణి ఎలా కాదంటుంది?

ఎన్నికల రోజు పొద్దుటినుంచీ వేళ్ళు వస్తూనే ఉన్నాయి. పిండి అంటిన రొట్టెల కొట్టువాడి వేలు, నూనె మరకల మెకానిక్ వేలు, వణికే ముసలి వేళ్ళు. నాలుగు దాటాక ఒక వేలు వచ్చింది. గోరు నిలువునా సగానికి చీలి ఉంది. ఉలి దెబ్బ. దర్జీ అక్క అలవాటుగా పట్టుకుని గీత పెట్టింది. వేలు చల్లగా ఉంది. రంపపు పొట్టు వాసన వేసింది. ఆ ఉలి దెబ్బకి కట్టు కట్టింది తనేనని, తర్వాతి వేలికి చెయ్యి చాచాక గుర్తొచ్చింది.

తలెత్తింది. ఎదురుగా నిలబడ్డది పాలమనిషి. ఓటు వేసే అట్టల మరుగు వెనక ఎవరూ లేరు. కింద గచ్చు మీద మాత్రం రెండు మట్టి అడుగులు ఉన్నాయి.

"ఇతనికి ముందు వేసిన నంబరెంత?" అంది మెల్లగా.

"ఎనభై ఎనిమిది" అన్నాడు పోస్టుమేన్. తర్వాత జాబితాలో పేరు చూసుకుని బిగుసుకుపోయాడు. "అక్కా, ఇది మీ..."

"ఊరుకో" అంది.

అయిదింటికి అందరూ అయిపోయాక ఆమె వెళ్ళి తమ్ముడికి ఓటేసింది. తలుపులు మూసి ఓట్లు లెక్కపెట్టారు. నూట ఏడు, నూట ఏడు. దిగువవీధి కట్టలోంచి మాస్టారు ఒక కాగితం పైకి తీశాడు. అన్నిటిమీదా బల్లకి దారంతో కట్టిన నల్ల పెన్సిల్ గీతలే. దీనిమీద లావుపాటి ఎర్ర గీత.

"ఇది మన పెన్సిల్ కాదు. ఎవరైనా అభ్యంతరం చెబితే పక్కన పెట్టేస్తాను. ఈ ఎర్ర గీత ఎవరిదో మీకేమైనా తెలుసామ్మా?"

పోస్టుమేన్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. తమ్ముడు అక్క వంక చూశాడు. ఆ ఎర్ర పెన్సిల్ వాడికీ తెలుసు. ఒక్క మాట అంటే చాలు, వాడు గెలుస్తాడు.

"గీత గడి దాటలేదుగా మాస్టారూ" అంది దర్జీ అక్క. "లెక్కలో వేసేయండి."

ఇద్దరికీ సమానం కాబట్టి చీటీలు వేశారు. తమ్ముడు ఓడిపోయాడు. అక్కతో మాట్లాడకుండానే వెళ్ళిపోయాడు.

ఆమె ఇంటికి నడిచింది. ఎప్పటిలాగే పక్కన ఇంకో మనిషికి చోటు వదిలి నడిచింది. వీధి మలుపు దగ్గర, "ఇవాళ కూడా సున్నాయే" అంది పైకే. నవ్వు వినపడుతుందని ఆగింది. ఎంతసేపు ఆగినా వినపడలేదు. నాలుగు నెలలుగా రాని ఏడుపు అక్కడే, నడివీధిలో ముంచుకొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే సొరుగులోంచి కాగితం తీసి సంతకం పెట్టి మాస్టారికి ఇచ్చింది. ఆయన ఒకటికి రెండుసార్లు చదివి, ఆమె ముఖంలోకి చూసి, ముద్ర వేశాడు. చనిపోయిన తేదీ అన్నచోట ఆమె నిన్నటి తేదీ రాసింది.